చీకటి చుక్క

పోలినాయుడి తలమీద నీళ్ళు చల్లబోయి మంగలి అప్పలకొండ ఆగిపోయాడు. అద్దంలోకి ఓసారి, గోడమీది క్యాలెండరులోకి ఓసారి చూసి, దువ్వెన బల్లమీద పడేశాడు.

"నాయుడుబాబూ, నాతోటి పరాసికాలేటి? నీకు కటింగు సేసి పన్నెండ్రోజులే అయినాది. ఇది నెల దాటిన జుట్టు. ఎక్కడ్నుంచి తెచ్చీసినావు?"

"తలలోంచే వచ్చినాది కొండా, అద్దెకేటీ తేలేదు."

"నవ్వితే నవ్వీ. మీ కంపెనీ గేటుకాడ వాచ్‌మేనుకీ నేనే సేస్తన్నాను, ఆడికిలగ లేదు. లోపల గదుల్లోకెళ్ళే నీకే ఎందుకిలగయిపోతన్నాది? ఆ మొక్కలకేసే ఎరువు నువ్వూ తింటన్నావేటి?"

షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. నాయుడూ నవ్వాడు. నవ్వులో గొంతు కలిసింది గాని గుండె కలవలేదు. అతనికి ముప్ఫయ్యారేళ్ళు. అద్దంలో మాత్రం నలభై దాటినవాడొకడు మెడకి తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు. జుట్టుకి నెరుపు, కంటికి ఎరుపు. "గోళ్ళు కూడా సూడు" అన్నాడు అప్పలకొండ, నవ్వకుండా. నాయుడు చేతులు తువ్వాలు కిందికి లాక్కున్నాడు.

నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే రోడ్డులో, ఒకప్పటి బెల్లం గోడౌనుని పరిశోధనశాలగా మార్చారు. దాని పేరు బోర్డుమీద మూడు వరసలుంటుంది. ఊళ్ళో జనానికి అంత ఓపిక లేదు. 'గంజాయి గోడౌను' అంటారు. రెండు కిలోమీటర్ల అవతల చెక్‌పోస్టులో పోలీసులు అరటిగెలల కింద గంజాయి కోసం తడుముతుంటారు. ఇక్కడేమో లైసెన్సుకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించి, అదే మొక్కకి మంచినీళ్ళు పోసి పెంచుతుంటారు. బయట పెంచితే జైలు, లోపల పెంచితే జీతం. అయితే ఇది మత్తు తీసేసి మందు మిగిల్చిన రకం. దీని పువ్వులోంచి తీసిన నూనె, ఏ మాత్రకీ లొంగని పిల్లల మూర్ఛని లొంగదీస్తుంది.

ఈ సంగతి నాయుడు సీసామీద చదివి తెలుసుకున్నది కాదు. అతని కూతురు హర్షిణికి మూడో ఏట నుంచీ ఫిట్సు. మొన్న ఏడు నిండాయి. ఆ రోజునే మొదటి సీసా ఇంటికొచ్చింది. ఆ తర్వాత ఒక్క ఫిట్సు రాలేదు.

పది గంటలకి నాయుడు పూతగదిలో అడుగుపెట్టాడు. బయట ఎండ పేలుస్తోంది, లోపల అర్ధరాత్రి. రాత్రిళ్ళయితే కరెంటు నిలకడగా ఉంటుందని ఆ గోడౌనులో రాత్రిని పగలు చేశారు, పగటిని రాత్రి చేశారు. నాయుడి నుదుటిమీద ఆకుపచ్చ దీపం. ఆ ఒక్క రంగు మొక్కకి ఆనదు. మనిషికి మాత్రం దారి కనిపిస్తుంది.

గంజాయి వెలుగు చూసి మురిసే మొక్క కాదు, చీకటిని లెక్కపెట్టి విరిసే మొక్క. పక్కగదిలో రోజుకి పద్ధెనిమిది గంటల వెలుగులో పూత ధ్యాస లేకుండా ఆకులేసుకుంటూ పెరుగుతుంది. నడుమెత్తు రాగానే నాయుడు దాన్ని పూతకి సిద్ధం చేస్తాడు. అడుగునున్న నీడకొమ్మలు కత్తిరిస్తాడు. మగమొక్క జాడ కనిపిస్తే వేళ్ళతో సహా పీకేస్తాడు. ఒక్కటి పుప్పొడి రాల్చినా గదంతా గింజ కట్టి నూనె నీరుగారిపోతుంది. "ఈ గదిలో మిగిలిన మొగాణ్ణి నేనొక్కణ్ణే, నన్నెప్పుడు పీకేస్తారో" అని తనమీద తనే జోకేసుకునేవాడు. ఆ పైన పన్నెండు గంటల వెలుగు, పన్నెండు గంటల చీకటి. చీకటంటే చీకటే. తలుపు మూసి, కళ్ళు అలవాటు పడేదాకా నిలబడి, ఎక్కడ సూదిబెజ్జమంత వెలుగు దొరికినా నల్లటేపుతో దాని కన్ను మూసేస్తాడు. మధ్యలో చీకటి తెగితే మొక్క తికమకపడి, ఆడమొక్కే మగపూత వేసుకుంటుంది. నాయుడు కట్టిన చీకటికి ఇంతవరకూ చిల్లు పడలేదు.

మామూలుగా పూత పండడానికి ఎనిమిది వారాలు. యాభయ్యారు రాత్రులు. ఇక్కడ ఆరే రోజులు. డాక్టర్ సుభాషిణి కనిపెట్టిన ద్రవం ఒక రాత్రిని తొమ్మిది రాత్రులుగా లెక్కపెట్టడం మొక్కకి నేర్పింది. కాగితాల్లో దానికి అంకెలూ అక్షరాలూ కలిసిన పేరుంది. పనివాళ్ళు 'చీకటి చుక్క' అంటారు. సారాచుక్క తాగితే మనిషి కాలాన్ని మరిచిపోతాడు. ఈ చుక్క కాలాన్నే తాగేస్తుంది.

ఆ సోమవారం కొత్త పంటమీద చుక్క చల్లడం మొదలుపెట్టాడు. తుంపర సన్నగా కమ్ముకుంది. తడి ఇటుక వాసన. ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి, గాలి లేదు. కాసేపటికి ఆకులు కదిలాయి. ఒకటి కాదు, గదంతా. చీకట్లో ఎవరో వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నట్టు సన్నటి గరగర.

"ఎన్నిసార్లు విన్నా నాకు వణుకే" అన్నారు పక్కనే నిలబడ్డ సుభాషిణి మేడం. ఆవిడ నుదుటిమీదా ఆకుపచ్చ దీపమే. "శనివారం కోత. నలభైరెండు సీసాలు. అన్నీ కొండమీది ఊళ్ళకే. మీ పాప సీసా తర్వాత బయటికెళ్ళే మొదటివి ఇవే. పాపెలా ఉంది నాయుడూ?"

"డెబ్భయ్యయిదు రోజులండి మేడం. ఒక్క ఫిట్సు లేదు."

"నీ మొహం చూస్తే నాకు నా పని గుర్తొస్తుంది" అన్నారావిడ. "నెల కిందట చింతపల్లి అవతల ఒక పిల్లవాడు పొయ్యిదగ్గర ఫిట్సొచ్చి పడిపోయాడు. సీసా ఇస్తామని మాటిచ్చాం. మనం వెళ్ళేసరికి వాడు లేడు."

నాయుడు తుంపర గొట్టం చేతిలో పట్టుకుని ఇంకో వరసలోకి నడిచాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి పెళ్ళాం లోవలక్ష్మి కుట్టుమిషను ముందు కూర్చుని బడి గౌను తిరగేస్తోంది.

"సూడు మావా, జూన్లో కుట్టించినాను. రెండు మడతలిప్పీసినాను. ఇంకిప్పడానికి మడతే లేదు."

"గుంటపిల్లలెదగరేటి?"

"ఎదుగుతారు. ఇంతెదుగుతారా? నాలుగు పళ్ళూడినాయి, నాలుగూ మళ్ళీ వచ్చీసినాయి. ఎదురింటామె, మీ పిల్ల నాలుగో తరగతా అనడుగుతాది. ఇంటికొచ్చి మిరపకాయలు దిష్టి తీసినాను." లోవలక్ష్మి నవ్వింది. ఆ నవ్వు డెబ్భయ్యయిదు రోజుల కిందట పుట్టిన నవ్వు. "మందు వొంటికి పట్టినాది. అంతేలే."

"పిల్లేదీ?"

"బళ్ళోంచొచ్చి పడుకున్నాది. నువ్వు కట్టిన గదిలోనే. అందులో పడుకుంటే లేవదు గదా."

నాయుడు కట్టిన గది. నిద్ర చాలకపోయినా, వెలుగు మిణుకు మిణుకుమని కంట్లో కొట్టినా ఫిట్సు రావచ్చని డాక్టరు చెప్పాడు. వీళ్ళ ఇల్లేమో మెయిన్ రోడ్డుమీద. లారీల హెడ్‌లైట్లు కిటికీలోంచి కత్తుల్లా దూసేవి. సీసా రాకముందే నాయుడు పూతగదిలో మిగిలిన నల్ల పాలిథిన్ షీటు అడిగి తెచ్చుకుని, కిటికీకి, వెంటిలేటరుకి, తలుపు సందుకి బిగించాడు. లోపల నిలబడి, కళ్ళు అలవాటు పడేదాకా ఆగి, బెజ్జం బెజ్జం వెతికి టేపు అంటించాడు. ఆ పని జిల్లా మొత్తంమీద అంత శ్రద్ధగా చెయ్యగలిగిన తండ్రి ఇంకొకడు లేడు. పూలకే అంత చీకటి ఇచ్చినవాణ్ణి, నా పిల్లకివ్వనా అనుకున్నాడు.

తలుపు తీసి లోపలికెళ్ళి, అలవాటుగా వెనక్కి మూశాడు. అలవాటుగానే జేబులోంచి ఆకుపచ్చ దీపం తీశాడు.

హర్షిణి వెల్లకిలా పడుకుని ఉంది. పుట్టినరోజుకి కొన్న చిన్నమంచం. అప్పుడు కాళ్ళకింద జానెడు చోటు మిగిలింది. ఇప్పుడు మడమలు అంచు దాటి గాల్లో ఉన్నాయి. చెయ్యి దిండుమీద ఉంది. నిన్న ఆదివారం లోవలక్ష్మి గోళ్ళు తీసింది. నాయుడే పక్కన కూర్చుని పిల్లని కబుర్లలో పెట్టాడు. ఆ ఆకుపచ్చ వెలుగులో వేళ్ళ చివర తెల్లటి అంచులు మళ్ళీ లేచి కనిపించాయి.

నాయుడు తన గోళ్ళకేసి చూసుకున్నాడు.

గదిలో ఫ్యాను లేదు. గాలి లేదు. పిల్ల జుట్టు దిండుమీద సన్నగా, ఒక వెంట్రుక పక్కన ఒక వెంట్రుకగా, జరుగుతున్నట్టనిపించింది. నిజంగా జరిగిందో, రెండేళ్ళుగా ఆ గరగర విన్న చెవులు కల్పించుకున్నాయో అతను ఆలోచించలేదు. షీటుకి వేళ్ళు పోనిచ్చి ఒక్క లాగు లాగాడు. టేపుతో పాటు సున్నం ఊడొచ్చింది. పొద్దువాలే ఎండ మంచంమీద పడింది.

"నానా, ఎండ!" అని కళ్ళు మూసుకుంది హర్షిణి. గొంతులో ఏదో కొత్త బొంగురు.

"ఉండనీ తల్లీ" అన్నాడు నాయుడు. "ఉండనీ."

మర్నాడు పిల్ల మణికట్టుకి ఎక్స్‌రే తీయించాడు. ఎముకల్ని చూసి వయసు చెప్పే డాక్టరు, ఎనిమిదేళ్ళ పది నెలలు అన్నాడు. "సర్టిఫికెట్లో ఏడు వేయించారేమిటండీ, బళ్ళో చేర్చడానికా?" అని నవ్వాడు కూడా. నాయుడు ఆసుపత్రి బల్లమీద కూర్చుని వేళ్ళు మడిచాడు. డెబ్భయ్యయిదు రాత్రులు. రాత్రికి తొమ్మిది చొప్పున ఆరువందల డెబ్భయ్యయిదు. అంటే ఇరవైరెండు నెలలు. ఏడేళ్ళమీద ఇరవైరెండు నెలలు. ఎనిమిదేళ్ళ పది నెలలు.

లెక్క ఇంత సరిగ్గా కలిసినందుకు జీవితంలో ఎవడూ అంతగా ఏడ్చి ఉండడు.

బుధవారం సుభాషిణి మేడం ఆ ఫిలింని కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశారు.

"పువ్వులో చుక్క మిగలదు నాయుడూ. ఎలకలమీద ఏడాది చూశాం. ఒక్క ఎలక కూడా తొందరగా ముసలిదవ్వలేదు."

"ఎలకలు చీకట్లో పడుకున్నాయాండి?"

"రాత్రిళ్ళు చీకటే కదా."

నాయుడు ఆవిణ్ణి ఎలకల గదికి తీసుకెళ్ళాడు. ఎలకలకి మేత వేసే ఎర్నమ్మ గట్టుమీద కూర్చుని రాగులు చెరుగుతోంది. పట్టపగలు ఆమె నెత్తిమీద వందక్యాండిళ్ళ బల్బు వెలుగుతోంది.

"ఆ లైటు ఎప్పుడార్పుతావప్పా?" అన్నాడు నాయుడు.

"ఆర్పీడమేటి బావూ?" ఎర్నమ్మ చేట దించింది. "బెల్లం గోడౌనిది. బెల్లానికి సీమలు, సీమలకి కప్పలు, కప్పలకి పాములు. ఆటికి తోడు ఎలకలు. సీకటిసేస్తే నాగుపాము రాదా? నానొచ్చిన్నాటినుంచీ ఒక్కపాలీ ఆర్పలేదు. కరెంటుపోతే లాంతరెడతాను. మీ ఎలకనొక్కదాన్ని పాముకివ్వలేదు నాను."

మేడం గోడకి చెయ్యి ఆనించుకున్నారు. ఆ ఎలకలకి ఏడాది పొడుగునా ఒక్క రాత్రి కూడా రాలేదు. చుక్కకి లెక్కపెట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

గదికి తిరిగొచ్చాక ఆవిడ మంచినీళ్ళు తాగారు. ఇంకో గ్లాసు తాగారు.

"సరే. సీసామీద చీటీ అంటిద్దాం. లైటు వేసి పడుకోబెట్టమని."

"మేడం, ఆ ఊళ్ళలో మీ చీటీ చదువుకోడానిక్కూడా లైటుండదండి."

"తెలుసు." ఆవిడ గ్లాసు బల్లమీద పెట్టారు. "ఆ ఊళ్ళలో పొయ్యిలున్నాయి, బావులున్నాయి, పారే గెడ్డలున్నాయి. ఫిట్సొచ్చిన పిల్లలు వాటిల్లో పడుతున్నారు. ఎనిమిది వారాల పంటకోసం ఆగితే నలభైరెండు మందిలో ఎంతమంది మిగులుతారో నువ్వు చెప్పు. రెండేళ్ళు పోతే పోతాయి. పిల్ల మిగులుతుంది."

"రెండేళ్ళతో ఆగదండి. మందు ఆపితే ఫిట్సు, ఆపకపోతే ఏడాదికి తొమ్మిదేళ్ళు. మూడేళ్ళలో ఆళ్ళు అమ్మానాన్నలకన్నా పెద్దోళ్ళయిపోతారు. నా మొహం చూడండి మేడం. నేను ఆ గదిలో గాలి పీల్చాను, అంతే. ఆళ్ళు తాగుతారు."

ఆవిడ అతని మొహం చూశారు. చూడలేక ఫిలిం చూశారు. "కోత శనివారమే" అన్నారు. "తర్వాత ఆలోచిద్దాం."

గురువారం సాయంత్రం లోవలక్ష్మికి అంతా చెప్పాడు. ఆమె పళ్ళెంలో చెయ్యి కడుక్కోవడం మరచిపోయి వింది. అన్నం వేళ్ళమీద ఎండిపోయింది.

"ఇంట్లో సీసా ఎన్నాళ్ళొస్తాది?"

"ఇంకో తొమ్మిది రోజులు."

"శనివారం కొత్తవొస్తాయి గదా. తెచ్చీ. లైటేసి పడుకోబెడదాం. కరెంటుపోతే ఇన్వర్టరెట్టిద్దాం. నువ్వొక జాము, నేనొక జాము కాపలా కాద్దాం. మనకి తెలిసిపోనాది గదా మావా, ఇంకేటి?"

"మనకి తెలిసినాది. కొండమీదోళ్ళకి?"

"ఆ పిల్లలకి అమ్మలున్నారు. ఈ పిల్లకి నేనున్నాను." ఆమె అతని కళ్ళలోకి చూసింది. "నువ్వెవలికి నాన్నవి?"

నాయుడు హర్షిణికేసి చూసి, మళ్ళీ కిటికీలోంచి కొండలకేసి చూశాడు. చెప్పేదేమిటో ఆమెకి అర్థమైంది. కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ట్యూబులైటు కింద హర్షిణి పుస్తకం మూసి తండ్రి వీపుకి ఆనుకుని కూర్చుంది. ఆ బరువు ఏడేళ్ళ బరువు కాదు.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం నాయుడు పూతగదిలోకెళ్ళి తలుపు మూసుకున్నాడు. ఆకుపచ్చ దీపం వెలిగించలేదు. చీకట్లో వరసల మధ్య కాసేపు నిలబడ్డాడు. మొగ్గలు పూర్తిగా విచ్చుకున్నాయి. బంక కారే పూలగుత్తులు భుజాలకి తగిలి చొక్కాకి అంటుకుంటున్నాయి. అంత మంచి పంట అతని చేతిమీద ఎప్పుడూ పండలేదు. గరగర గదంతా నిండి ఉంది. ఇంకొక్క రోజు.

గోడ తడిమి మీటలన్నీ ఒకేసారి నొక్కాడు.

తెల్లటి వెలుగు విరుచుకుపడింది. గరగర ఠక్కున ఆగింది. అంతమంది ఒకేసారి ఊపిరి బిగబట్టినట్టు. ఆ తర్వాత నాయుడు ఎన్నడూ చూడనిది చూశాడు. మామూలు మొక్కకి వారాలు పట్టే తికమక, చుక్క తాగిన మొక్కకి నిమిషాల్లో పట్టింది. ఆడపూల నడుమనుంచి పసుప్పచ్చ రేకులు, చక్కెరకేళీ గెలలో పిందెల్లా, ఒక్కొక్కటే పొడుచుకొచ్చాయి. విడిపోయాయి. పుప్పొడి పొగలా లేచి దీపాలకింద తేలింది. నాయుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తను చేసిన పని తనమీద పడుతుంటే నిలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది. మేడం చెయ్యి మీటల దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇప్పుడు ఆర్పినా లాభం లేదు.

"నలభైరెండు ఇళ్ళకి నేనేం చెప్పాలి?"

"ఎనిమిది వారాలని చెప్పండి మేడం. పక్కగదిలో అరవై మొక్కలు నడుమెత్తుకొచ్చాయి. కింద కొమ్మలు కత్తిరించేశాను, మగవి పీకేశాను. చుక్క వెయ్యకండి. ఉత్త చీకటి ఇవ్వండి, చాలు."

"ఈలోగా ఎవరన్నా పోతే?"

నాయుడు మెడలో బ్యాడ్జి తీసి, పూలకుండీమీద పెట్టాడు. "ఆ ఇంటికి నేనెళ్తానండి" అన్నాడు. "నా పేరే చెప్పండి."

ఆవిడ బయటికి పొమ్మని చెయ్యి చూపించారు. మర్నాడు ఆవిడ అరవై మొక్కల్నీ చుక్క లేకుండానే చీకటి గదిలో పెట్టించారని వాచ్‌మేను వచ్చి చెప్పాడు. కొత్త మనిషికి సూదిబెజ్జాలు వెతకడం రావడం లేదట. ఎలా వెతకాలో నాయుడు ఆ వాచ్‌మేనునే తన ఇంటి గుమ్మంలో నిలబెట్టి గంటసేపు నేర్పించి పంపాడు.

ఇంట్లో సీసా తొమ్మిది రోజులు వచ్చింది. ట్యూబులైటు రాత్రంతా వెలిగింది. లోవలక్ష్మి అతనికి అన్నం పెట్టేది, మాట పెట్టేది కాదు.

పదకొండో రోజున, పన్నెండు గంటల వేళ, వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతున్న హర్షిణి ఒంటికాలిమీద ఆగిపోయింది. కళ్ళు ఒక పక్కకి తిరిగాయి. నాయుడు అందుకునేలోగా గడిమీద పడిపోయింది. పొడుగైన కాళ్ళు ముగ్గుగీతల్ని చెరిపేస్తూ కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

అతను పిల్లని పక్కకి తిప్పి, తలకింద తన అరచెయ్యి పెట్టాడు. లోవలక్ష్మి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఎదురుగా మోకాళ్ళమీద కూర్చుంది. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరిగెత్తాలని ఇద్దరికీ తెలుసు. పదిరోజులుగా అతనితో మాట్లాడని మనిషి గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ఇరవయ్యొకటి. ఇరవైరెండు. సెయ్యి తియ్యకు. ఇరవైమూడు."

వాకిలినిండా ఎండ. ఎక్కడా ఇంత నీడ లేదు. నాయుడికి తన జన్మలో మొదటిసారి, కాలం తొమ్మిదింతలు తొందరగా గడిచిపోతే బాగుణ్ణనిపించింది.

కాలం ఒక్కొక్క క్షణమే నడిచింది.

"అరవై" అంది లోవలక్ష్మి. "అరవయ్యొకటి."